తెరపై బొమ్మ, తెర వెనుక లెక్క

పదవ తరగతి చదువు ఒక బాలిక, తన గ్రామపు త్రాగునీటిలోని ఫ్లోరైడును గూర్చి వైజ్ఞానిక ప్రదర్శనమునందు అయిదు నిమిషములు మాటలాడవలసి యున్నదనుకొందము. ఆమె మొట్టమొదట చేయు పని యేమి? బావి వద్దకు పోదు. పుస్తకము తెరువదు. కంప్యూటరు తెరచి ఒక మూసను ఎన్నుకొనును. ఆ మూసలో రంగులు ముందే కలవు. పైన శీర్షికకు చోటు, దాని క్రింద నాలుగు చుక్కలు, ప్రక్కన బొమ్మకు ఒక గడి కలవు. ఇక మిగిలిన పని ఖాళీలను పూరించుటయే. ‘కారణములు’ అని ఒక స్లయిడు, ‘ఫలితములు’ అని ఒకటి, ‘నివారణోపాయములు’ అని మరియొకటి, చివర పూలగుత్తితో ‘ధన్యవాదములు’. గంటలో పని ముగియును. చూచుటకు ముచ్చటగనే యుండును. కాని ఏ బావిలో ఎంత ఫ్లోరైడు కలదో ఆ పది స్లయిడులలో ఎచ్చటను ఉండదు. గ్రామము పేరు మార్చి వేరొక విద్యార్థి అవే స్లయిడులను చూపినను ఎవరును కనిపెట్టలేరు.

ఇందు దోషము బాలికదా, సాధనముదా? తీర్పు చెప్పుటకు ముందు సాధనము పుట్టుకను కొంచెము తెలిసికొనవలెను. నేడు పవర్ పాయింట్ అను పేరుతో ప్రసిద్ధమైన సాధనమును అమెరికాలోని ఫోర్ థాట్ అను చిన్న సంస్థలో రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్ మొదలగువారు నిర్మించిరి. మొదట దానికి ‘ప్రెజెంటర్’ అని పేరు. 1987 ఏప్రిలులో మెకిన్ టోష్ కంప్యూటరు కొరకు అది వెలువడినది. ఆ సంవత్సరమే మైక్రోసాఫ్ట్ సంస్థ ఫోర్ థాట్ ను 140 లక్షల డాలరులకు కొన్నది. మొదటి కూర్పులో రంగులు లేవు. ఓవర్ హెడ్ ప్రొజెక్టరుపై ఉంచు పారదర్శక పత్రములను తయారు చేయుటయే దాని పని. అది వ్యాపార సభలకై పుట్టిన వస్తువు. సరకు అమ్మువాడు దాని గుణములను నాలుగు ముక్కలలో చెప్పి కొనువాని ముఖము వంక చూచును. అంతకు మించిన వివరము అక్కడ అవసరము లేదు. బడిలోనికి అది తరువాత వచ్చినది. వచ్చునపుడు తన అలవాట్లను గూడ వెంటబెట్టుకొనియే వచ్చినది. 1990 దశకములో దానికి చేర్చిన ఒక సౌకర్యము, ఏ సందర్భమునకు ఏ స్లయిడులు ఏ వరుసలో ఉండవలెనో తానే ప్రతిపాదించెడిది. 2007 కూర్పులో దానిని తొలగించిరి. తొలగించిరి గాని ఆ ఊహ చావలేదు. నేడు కృత్రిమ మేధతో పనిచేయు సాధనములు, విషయము పేరు చెప్పినంతనే పది స్లయిడులను బొమ్మలతో సహా అల్లి యిచ్చుచున్నవి.

ఈ అలవాట్లపై కఠినముగా ధ్వజమెత్తిన విమర్శకుడు యేల్ విశ్వవిద్యాలయములో ఆచార్యుడుగా పనిచేసిన ఎడ్వర్డ్ టఫ్టీ. సంఖ్యలను బొమ్మలుగా చూపు విద్యపై 1983లో ఆయన ప్రకటించిన గ్రంథము ఈనాటికిని ప్రామాణికము. 2003లో పవర్ పాయింట్ ను ఖండించుచు ఆయన ఒక చిన్న పుస్తకము వెలువరించెను. ఆయన వాదమునకు ఆయువుపట్టు ఒకే ఒక స్లయిడు. దాని సంగతి కొంత విపులముగా చెప్పవలెను. ఏలయన అది ఏడుగురి ప్రాణములతో ముడిపడి యున్నది.

2003 జనవరి 16న కొలంబియా అను అంతరిక్షనౌక బయలుదేరినది. ఆ ఏడుగురు యాత్రికులలో హర్యానాలోని కర్నాలులో పుట్టిన కల్పనా చావ్లా ఒకరు. బయలుదేరిన సుమారు 82 సెకనులకు, బయటి ఇంధనపు తొట్టికి అంటించిన నురుగు తొడుగు నుండి ఒక ముక్క ఊడి, నౌక ఎడమ రెక్కను కొట్టినది. మరునాడు చలనచిత్రములను పరిశీలించుచు ఇంజనీరులు దీనిని కనుగొనిరి. రెక్కకు ఎంత దెబ్బ తగిలియుండును? నౌక తిరిగి వాతావరణములో ప్రవేశించునపుడు పుట్టు వేడిని అది తట్టుకొనగలదా? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకి, ఇంజనీరులు తమ లెక్కలను స్లయిడులుగా పేర్చి అధికారుల ముందుంచిరి.

వానిలో ఒక స్లయిడు శీర్షిక భావమేమనగా, పూర్వ పరీక్షల సమాచారమును చూడగా పలకలకు కలుగు దెబ్బ విషయమున అంచనాలు జాగ్రత్త పక్షముననే యున్నవని. అది వినిన అధికారికి గుండె కుదుటపడును. శీర్షిక క్రింద చుక్కలు, చుక్కల క్రింద గీతలు, వాని క్రింద మరల చిన్న చుక్కలు, ఇట్లు మెట్లుమెట్లుగా దిగిపోవు పంక్తులు కలవు. మెట్లన్నియు దిగిన పిమ్మట, అట్టడుగున, అసలు సంగతి యున్నది: ప్రస్తుత పరిస్థితి పూర్వ పరీక్షల పరిధికి చాల వెలుపల నున్నది, పరీక్షలో వాడిన ముక్క ఘనపరిమాణము 3 ఘనపు టంగుళములు కాగా, ఇప్పుడు తగిలిన ముక్కది 1,920 ఘనపు టంగుళములు.

ఈ రెండు సంఖ్యలను మన కొలతలలోనికి మార్చి చూచినచో విషయము కన్నులకు కట్టును. 3 ఘనపు టంగుళములనగా 49 ఘన సెంటీమీటరులు, అనగా ఒక నిమ్మకాయ. 1,920 ఘనపు టంగుళములనగా 31 లీటరులకు పైమాట, అనగా 15 లీటరుల నూనె డబ్బాలు రెండు. నిమ్మకాయను విసరి చేసిన పరీక్షను చూచుకొని, రెండు డబ్బాలంత ముక్క తగిలిన రెక్కను గూర్చి ధైర్యము చెప్పుకొనిరన్న మాట. నిష్పత్తి 640 రెట్లు. ఆ స్లయిడుపై రెండు సంఖ్యలును కలవు. వాని నిష్పత్తి మాత్రము లేదు. శీర్షికగా పెద్ద అక్షరములతో నిలువవలసిన ముక్క చిట్టచివరి చుక్క ప్రక్కన నక్కి యున్నది. అదియును గాక, మనము ‘గణనీయము’ అని అనువదించుకొను ఆంగ్లపదము ఆ ఒక్క స్లయిడులోనే వివిధ రూపములలో ఐదు పర్యాయములు కనబడుననియు, ప్రతి పర్యాయమును దాని అర్థము వేరనియు టఫ్టీ ఎత్తిచూపెను. గణనీయమనగా లెక్కింపదగినది. లెక్కింపదగినదైనచో ఆ లెక్క చెప్పవలెను గదా! విద్యార్థుల ప్రయోగ నివేదికలు దిద్దు ఉపాధ్యాయులకు ఈ పదము చిరపరిచితమే.

ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణములో, భూవాతావరణము ప్రవేశించిన తరువాత, అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రముపై కొలంబియా ముక్కలైనది. ఏడుగురును మరణించిరి. ఆ సంవత్సరము ఆగస్టులో వెలువడిన విచారణ సంఘపు నివేదికలో టఫ్టీ చేసిన స్లయిడు విశ్లేషణమును ముద్రించిరి. సాంకేతిక పత్రములు వ్రాయవలసిన చోట స్లయిడులతో సరిపెట్టుకొనుట ఆ సంస్థలో సమాచార పద్ధతులు చెడియున్నవనుటకు ఒక నిదర్శనమని సంఘము అభిప్రాయపడినది.

ఇంతవరకు టఫ్టీ వాదము బలముగనే యున్నది. కాని విమర్శకుని గూడ విమర్శింపవలెను. నౌకను కూల్చినది నురుగు ముక్క, స్లయిడు కాదు. ఆ స్లయిడు రెక్క క్రింది భాగమున అతికిన ఉష్ణరక్షక పలకలను గూర్చినది. అసలు రంధ్రము పడినది పలకలలో గాక రెక్క ముందంచున గల కర్బన తాపడములో. అంతరిక్షమున నున్న నౌకను చిత్రములు తీయింపుడని కొందరు ఇంజనీరులు చేసిన విన్నపము మన్నింపబడలేదు. ఆ నిర్ణయము ఏ మూసయు చేయలేదు. ఇంతేగాక, అవే సంఖ్యలను అదే సాధనముతో ఒక చిన్న గుండు, ఒక పెద్ద గుండుగా గీసి ప్రక్కప్రక్కన చూపుట రెండు నిమిషముల పని. సాధనము దానిని నిషేధింపదు. కాని ప్రోత్సహింపదు; చేతికందునట్లు ఎదుట ఉంచునది చుక్కల పట్టికనే. చేతికందినదానిని వాడుట మానవ స్వభావము. టఫ్టీ పుస్తకమునందు ఈ రెండింటికి గల భేదము ఆవేశములో కొంత చెరిగిపోయినది. సాధన నిర్మాతలైన గాస్కిన్స్, ఆస్టిన్ లే 2007లో ఒక వార్తాపత్రికతో మాటలాడుచు, స్లయిడులు విపులమైన వ్రాతకు సంగ్రహముగా నుండవలసినవే గాని ఆ వ్రాతకు బదులుగా నిలువవలసినవి కావని విచారించిరి. ఈ ఒక్క మాటను బడులలో పాటించినను చాలును: ముందు పుట నిండ వ్రాత, పిమ్మట స్లయిడు.

చుక్కలకంటె అందమైన ప్రమాదము మరియొకటి కలదు. అది ఆకర్షణీయమైన బొమ్మ. దీనిని గూర్చి ఊహలు గాక ప్రయోగములే జరిగినవి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సాంటా బార్బరా శాఖలో మనస్తత్వ శాస్త్రాచార్యుడైన రిచర్డ్ మేయర్, షానన్ హార్ప్ అను పరిశోధకురాలితో కలిసి 1998లో ప్రకటించిన పరిశోధనమునకు మెరుపు పుట్టుక పాఠ్యవిషయము. వెచ్చని తేమగాలి పైకి లేచుట, మేఘమునందు మంచు కణములు ఏర్పడుట, విద్యుదావేశములు వేరుపడుట, చివర మెరుపు. కొందరు విద్యార్థులకు ఈ పాఠమును ఉన్నదున్నట్లు ఇచ్చిరి. మరికొందరికి ఇచ్చిన పాఠములో, లోహపు విమానమును పిడుగు తాకినచో ఏమగును వంటి వింత సంగతులను, బొమ్మలను నడుమ చేర్చిరి. వింతలు చదివినవారు అసలు పాఠమును తక్కువగా జ్ఞాపకముంచుకొనిరి. క్రొత్త ప్రశ్నలకు తక్కువ సమాధానములు చెప్పగలిగిరి.

దీనికి కారణము కేవలము దృష్టి మరలుట కాదనియు, వింతలు చూచినవాడు ఆ పాఠమంతయు దేనిని గూర్చినదో తప్పుగా గ్రహించుననియు ఆ పరిశోధకులు భావించిరి. అతని మనస్సు ‘పిడుగు పడినచో కలుగు అపాయములు’ అను పెట్టెను తెరచును. ఆవేశములు వేరుపడుట అను సంగతికి ఆ పెట్టెలో చోటు లేదు. స్లయిడు మూలలో గెంతు బొమ్మలను అతికించు విద్యార్థికి, అవి పాఠమునకు అలంకారము మాత్రమే గాక పాఠమును దారి మళ్లించు చేతిపలకలని తెలియదు. మేయర్ బృందము మరియొక సంగతియు కనుగొన్నది. కదలు బొమ్మకు వివరణము చెవికి వినిపించుచుండగా అదే వాక్యమును తెరపై గూడ వ్రాసి చూపినచో అవగాహన తగ్గును. స్లయిడుపై వ్రాసినదానిని వక్త మరల చదివి వినిపించుట ఎంత వ్యర్థమో దీనివలన తేటపడుచున్నది.

మన పటకథకులకు ఈ సంగతి పరిశోధనము లేకయే తెలియును. తెలంగాణములోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు వ్రాయు నిడుపైన గుడ్డపటమును కథకుడు మెల్లగా విప్పును. ఒక్కొక్క బొమ్మ వచ్చినకొలది దానిని చూపుచు కథను పాడి చెప్పును. బొమ్మ కంటికి, కథ చెవికి. పటముపై వ్రాతను అప్పగించుట అతని పని కాదు. రాబోవు బొమ్మ చుట్టలో దాగి యుండుటచే వినువారు ముందునకు ఉరుకుటకు వీలు లేదు.

కంప్యూటరుపై కథ చెప్పు విద్యకు గూడ ఇప్పుడొక చరిత్ర ఏర్పడినది. 1994లో అమెరికాలోని సాన్ ఫ్రాన్సిస్కో నగరమున జో లాంబర్ట్, డేనా ఆచ్లీ మొదలగువారు ఇందుకై ఒక కేంద్రమును స్థాపించిరి. తరువాత అది బర్కిలీ పట్టణమునకు మారినది. మూడు దినముల శిక్షణలో సామాన్యులు తమ జీవితములోని ఒక ఘట్టమును, తమ కంఠముతోనే చెప్పుచు, తమ వద్దనున్న ఛాయాచిత్రములను పేర్చి, రెండు మూడు నిమిషముల చిత్రముగా మలచెదరు. ఈ పద్ధతి నేడు అనేక దేశముల బడులలో పాకినది. ఇందు విద్యార్థికి నిజమైన లాభము కలదు. రెండు మూడు వందల మాటలకు మించి వ్రాయరాదను నియమము, ఏది విడువవలెనో నేర్పును. తన గొంతును తాను వినుట, తన వ్రాతను తాను దిద్దుకొనుటకు గొప్ప ఉపాయము.

అయినను ఆ పద్ధతిలో హృదయమును కదలించుటకు, నేపథ్య సంగీతమునకు గల ప్రాధాన్యమును విజ్ఞాన విషయములలో జాగ్రత్తగా చూడవలెను. మన బాలిక వద్దకే మరల పోదము. ఆమె ఇప్పుడు స్లయిడులు మాని ఒక చిన్న చిత్రము తీసినది. వంగిన మోకాళ్లతో గుమ్మములో కూర్చున్న నాయనమ్మ. వెనుక విషాద సంగీతము. చివర ‘నీరే విషమైనది’ అను మాట. చూచినవారు కన్నీరు పెట్టుకొందురు. పెట్టుకొనవలసినదే, నల్లగొండ జిల్లాలో ఎన్ని ఇండ్ల గుమ్మములలో అట్టి దృశ్యము కనబడలేదు! మన దేశములో ఎముకలను వంచు ఈ వ్యాధిని 1937లోనే, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లానుండి వైద్యులు వర్ణించి యుండిరి. కాని ఆ చిత్రము చూచి లేచినవాడు ఇంటికి పోయి ఏ నీరు త్రాగవలెను? ఆ సమాధానము చిత్రములో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరునకు 1.5 మిల్లీగ్రాములు. నాయనమ్మ నలువది ఏండ్లు త్రాగిన బావిలో ఎంత? వీధి చివరనున్న గొట్టపు బావిలో ఎంత? చెరువు ప్రక్క బావిలో ఎంత? గ్రామపు పటము గీసి, పరీక్ష చేయించిన ప్రతి బావి వద్ద దాని సంఖ్యను వ్రాసి, 1.5 దాటిన బావులకు ఎఱ్ఱ రంగు, తక్కిన వానికి నీలము వేసి, నాయనమ్మ ముఖమును ఆమె బావి ప్రక్కన నిలిపినచో, కన్నీటితో బాటు ఒక దారియు చూపినట్లగును. నాయనమ్మ కథను తీసివేయవలసిన పని లేదు. ఆ కథకు ఒక సంఖ్యను, ఒక చోటును ఇచ్చిన చాలును. పటము పూర్తియైన పిమ్మట, ప్రక్కప్రక్కన గల రెండు బావులలో ఒకటి ఎఱ్ఱన, ఒకటి నీలమైనది ఏల అను ప్రశ్న పుట్టితీరును. మొదటి పది స్లయిడులు అట్టి ప్రశ్నను ఎన్నడును పుట్టింపజాలవు.

సంఖ్యలతో కథ చెప్పుట సాధ్యమా అను సందేహము గలవారికి చూపదగిన చిత్రము ఒకటి కలదు. స్వీడను దేశపు వైద్యాచార్యుడు హాన్స్ రోస్లింగ్ 2010లో బి.బి.సి. వారి ఒక కార్యక్రమములో నాలుగు నిమిషములలో 200 దేశముల 200 సంవత్సరముల చరిత్రను చూపెను. ఆయన యువకుడుగా నున్నపుడు 1972లో బెంగుళూరున కొంతకాలము చదివినవాడు. అడ్డుగీతపై తలసరి ఆదాయము, నిలువుగీతపై ఆయుఃప్రమాణము. ఒక్కొక్క దేశము ఒక్కొక్క బుడగ. జనాభా ఎంతో బుడగ అంత. 1810లో బుడగలన్నియు క్రింది మూలలో ముద్దగా పడియున్నవి; ఏ దేశమునందును సగటు ఆయువు 40 దాటలేదు. ఏండ్లు గడచినకొలది బుడగలు పైకి, కుడికి కదలును. మొదటి ప్రపంచయుద్ధము, దాని వెంట వచ్చిన ఫ్లూ జ్వరము నాటికి ఒక్కసారి క్రిందికి కుంగును. 1948లో ఆయన చిత్రమును ఆపి, అది తాను పుట్టిన సంవత్సరమని నవ్వించును. హాస్యము అంతటితో సరి. అదియు బుడగలపై దృష్టిని మరల్పదు. దేశపు సగటు సంఖ్య దాచు భేదమును గూడ ఆయన మరువలేదు. చైనా బుడగను పగులగొట్టి, షాంఘై ఇటలీ ప్రక్కకును, గ్విజౌ రాష్ట్రము పాకిస్థాను ప్రక్కకును పోవుట చూపెను.

ఈ చిత్రము మేలైనదే గాని నిర్దోషము కాదు. అడ్డుగీతపై 400 నుండి 4,000 డాలరులకు ఎంత దూరమో, 4,000 నుండి 40,000 డాలరులకును అంతే దూరము. సంవర్గమాన కొలత తెలియని విద్యార్థికి ధనిక, పేద దేశముల అంతరము ఉన్నదానికంటె చిన్నదిగా కనబడును. 1810 నాటి సంఖ్యలు అనేక దేశముల విషయమున స్థూలమైన అంచనాలు. 2009 నాటివి చాలవరకు లెక్కించినవి. రెండింటికిని బుడగ అంచు ఒకే విధముగా గట్టిగా గీయబడినది. తెలిసినదానికి, ఊహించినదానికి భేదము బొమ్మలో కనబడవలెను. పదవ తరగతిలో ఈ చిత్రమును చూపు ఉపాధ్యాయుడు, 1810 వద్ద ఒక్క క్షణము ఆపి “ఈ సంఖ్య ఎవరు లెక్కించిరి?” అని అడిగినచో ఆ దినపు పాఠము సార్థకమగును.

రోస్లింగ్ కేవలము యంత్రమును నమ్ముకొన్నవాడును కాడు. ప్రపంచ జనాభా పెరుగుదలను అదే 2010లో ఒక సభయందు సామాను సర్దుకొను పెట్టెలను బల్లపై ఒకదానిపై నొకటి పేర్చి చూపెను. ఒక్కొక్క పెట్టె నూరు కోట్ల మంది.

చివరగా, బడిలోనే పుట్టిన ఒక దృశ్యకథను చెప్పక విడువరాదు. హాలండు దేశములో బిల్తోవెన్ అను చోట పాఠశాల నడపిన కేస్ బూకే అను ఉపాధ్యాయుడు, తన విద్యార్థులతో చేసిన పని నుండి పెంపొందించి, 1957లో విశ్వమును 40 గంతులలో చూపు చిన్న పుస్తకము నొకటి ప్రకటించెను. బడి ముంగిట కుర్చీలో పిల్లిని ఒడిలో పెట్టుకొని కూర్చున్న ఒక బాలిక మొదటి బొమ్మ. ప్రతి గంతునకు చూచువాడు పదిరెట్లు దూరము జరుగును. బడి, ఊరు, దేశము, భూగోళము, సూర్యకుటుంబము, తారాసముదాయములు వరుసగా బొమ్మలోనికి వచ్చును. తరువాత మరల బాలిక వద్దకే వచ్చి, ఈసారి లోపలికి గంతులు. ఆమె చేతి చర్మము, దానిలోని కణము, అణువు. అలంకారము లేదు, చుక్కలు లేవు. నియమము ఒక్కటే: ప్రతి బొమ్మయు ముందటి దానికి పదిరెట్లు. ఈ పుస్తకము ఆధారముగా చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు 1977లో తీసిన తొమ్మిది నిమిషముల చలనచిత్రములో, దృశ్యముతో బాటు తెర ప్రక్కలయందు దూరము మీటరులలోను, పది ఘాతములలోను మారుచుండును. ఎంత దూరము వచ్చితిమో ప్రేక్షకుడు ఏ క్షణమునను తప్పిపోడు. బూకే బడిలో దానికి కావలసివచ్చినవి కాగితము, పెన్సిలు, పదిచే హెచ్చవేయుట వచ్చిన పిల్లలు.